వీరభద్రయ్య మలుపు

పత్తికొండ,
8 జూలై 2007.

చిరంజీవి భూపేష్‌కు,

నీ గురువు వీరభద్రయ్య ఇల్లాలు రాజ్యలక్ష్మమ్మ దీవించి రాస్తున్న జాబు. ఇక్కడ మేమందరం బాగున్నాం, టమోటా ధర ఒక్కటే బాగాలేదు. బెంగళూరులో నీవూ నీ కంప్యూటర్ ఉద్యోగమూ చల్లగా ఉండాలి.

ఫోను ఉండగా జాబు ఎందుకు రాసిందని అనుకుంటావు. ఫోను అంగడిలో ఉంది, ఆయన గల్లా దగ్గరే కూర్చుంటాడు. నేను చెప్పేది ఆయన వినకూడదు. మీ ఆర్కుట్ గుంపులో రాయిద్దామంటే వందల మంది చూస్తారు. కార్డు మీద రాస్తే పోస్టుమ్యాన్ చదివి, ఆపైన నాకే కబురు చెబుతాడు. అందుకని కవరు కొని గట్టిగా అంటించాను.

ముందు సంతోషం సంగతి. మా అంగడి పక్కన నెట్ సెంటర్ నడిపే పద్మప్రియ ఆదివారం ఆదివారం నన్ను పిలిచి, నీవు మొదలుపెట్టిన చెక్కభజన గుంపు చూపిస్తోంది. మీరంతా తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారేమప్పా? ఆ అమ్మాయి చదివి చెబితే వింటున్నాను. కువైట్‌లో బండ్లు తోలే రాజంపేట వాళ్లు శుక్రవారం గదిలో మంచాలు గోడకు నిలబెట్టి భజన వేస్తారట. బళ్లారి ఆయన ఒకడు వాళ్ల తాత చెక్కల ఫోటో పెట్టాడు. మంగంపేట ముగ్గురాయి గనిలో పనిచేసే అతను, మా ఊళ్లో భజన ఆగిపోయి శానా ఏండ్లయింది, మళ్లా నేర్పేవాళ్లు ఎవురన్నా ఉండారా అని అడిగాడు. వెంటనే ఇంకొకరు, పత్తికొండ శెట్టి గురువు ఉండాడు గదప్పా అని రాశారు.

అది విని నాకు కళ్లు చెమర్చాయి. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి చూస్తున్నాను. పంటలు ఇళ్లకు చేరగానే ఆయన సంచీ భుజాన వేసుకుని ఏదో ఒక ఊరికి భజన నేర్పడానికి పోయేవాడు, నేను అంగడి చూసుకునేదాన్ని. శెట్టికి తక్కెడ చాలదా, చెక్కలెందుకు అని మా పుట్టింటివాళ్లు ఎత్తిపొడిచేవాళ్లు. నేనూ తక్కువ అనలేదు. ఆయన ఊళ్లలో అడుగులు వేస్తే, ఇక్కడ గల్లా ముందు కూర్చుని నడుము పట్టేసింది నాకు. ఇప్పుడు ఎక్కడెక్కడి పిల్లలో ఆయన పేరు చెప్పుకుంటుంటే ఆ నొప్పంతా దిగిపోయినట్టుంది.

ఇక అసలు సంగతి. ఉగాదికి నీవు కెమెరా తెచ్చి, మన భజన మందిరంలో ఆయన చేత అడుగులు వేయించి వీడియో తీసుకుపోయి నెట్‌లో పెట్టావు కదా. దాని చివరి పాటలో ఒక చోటు ఉంది. చరణం ముగిసేచోట అందరూ కుడికి తిరిగి ముందుకు సాగాలి. ఆ రోజు ఆయన ఎడమకు తిరిగాడు. రెండడుగులు వెనక్కి వేసి, చెక్కలు ఎత్తిపట్టి, ఆగిపోయాడు. ఎదురుగా ఉన్న ఓబన్న కూడా ఎడమకు తిరిగి, వెనక్కి వేసి, చెక్కలు ఎత్తి ఆగాడు. వాళ్లిద్దరినీ చూసి వలయమంతా అలాగే ఆగింది. కాసేపటికి ఆయనకు పాట అందింది, మళ్లీ అందరి చెక్కలూ మోగాయి.

మీ గుంపు వాళ్లకు ఆ చోటే నచ్చింది. ఇది పాతకాలపు అడుగు, ఎక్కడా మిగల్లేదు, శెట్టి గురువు కాపాడి ఉంచాడు అని రాశారు. దానికి వీరభద్రయ్య మలుపు అని పేరు కూడా పెట్టారు. చెక్కలు ఆగిన ఆ నిశ్శబ్దంలో తనకు రాముడు కనిపించాడని కువైట్ అతను ఒకడు రాస్తే, పద్మప్రియ చదువుతూ కళ్లు తుడుచుకుంది.

ఆ అమ్మాయికి భజన తెలియదు, నీకు తెలుసు. అయినా ఆమెకు చెప్పినట్టే నీకూ చెబుతాను, విను. వలయంలో ప్రతి మనిషికీ ఎదురుగా ఒక జత మనిషి ఉంటాడు, అతన్ని ఉద్ది అంటాం. మీ గురువుకు ఉద్ది ఓబన్న, టమోటా మార్కెట్లో గంపలు మోసే ఓబన్న. కొత్తవాళ్లకు మీ గురువు మొదటి రోజే చెప్పే మాట ఏమిటి? నీ ఉద్ది అడుగు తప్పితే నువ్వు సరిగ్గా వేసి అతని పరువు తీయొద్దు, నువ్వూ అదే అడుగు వేసి కలుపుకో అని. ఒకడు తప్పితే తప్పు, ఇద్దరు తప్పితే అడుగు అని నవ్వేవాడు. ఆ రోజు ఓబన్న చేసింది అదే. వలయం చేసింది కూడా అదే.

నాయనా, ఆ చోట మీ గురువు తానెక్కడ ఉన్నాడో తెలియక నిలబడిపోయాడు. ఏడాదిగా ఆయనకు మతిమరుపు ముదురుతోంది. ఉప్పు అడిగినవాళ్లకు చక్కెర కడుతున్నాడు. మొన్న మన ఇల్లు దాటి పోయి, ఇంకెవరి అరుగు మీదో కూర్చుని నా కోసం కేకలు వేశాడు. కర్నూలులో డాక్టరుకు చూపించాను. ఇది తిరిగి వచ్చేది కాదమ్మా, మాత్రలతో కొంచెం నెమ్మదిస్తుంది అంతే అన్నాడు.

నేను నిన్ను అడిగేవి రెండు. ఆ పాట నెట్‌లో నుంచి తీసెయ్. రెండోది, పని ఎంత ఉన్నా సెలవు పెట్టి మళ్లీ కెమెరాతో రా. ఆయన దగ్గర ఇంకా ఎన్నో అడుగులు ఉన్నాయి, అవి ఆయన్ని వదిలి పోయేలోపు పట్టుకో. నాకు ఇల్లూ అంగడీ ఏమైనా పర్లేదు, ఆ అడుగులు తప్పు లేకుండా మిగలాలి. జబ్బు సంగతి మాత్రం నీ కడుపులో పెట్టుకో.

ఆశీస్సులతో,
రాజ్యలక్ష్మమ్మ


పత్తికొండ,
2 సెప్టెంబరు 2007.

చిరంజీవి భూపేష్‌కు,

నీవు క్షేమంగా బెంగళూరు చేరినట్టు పద్మప్రియ చెప్పింది. సంతోషం. టమోటా ఇంకా పడిపోయింది, గంపలు గంపలుగా రోడ్డు మీద పారబోస్తున్నారు. బస్సులు వాటి మీదుగానే పోతున్నాయి, ఊరంతా పులుసు వాసన.

నీవు వచ్చి వట్టి చేతులతో పోయావని నా మనసు కొట్టుకుంటోంది. నీవు కాళ్లకు దండం పెడితే ఆయన నీ ముఖం చూసి, ఏం కావాలప్పా, చక్కెరనా బెల్లమా అని అడిగాడు చూడు, అప్పుడు నీవు నా వైపు చూసిన చూపు మరిచిపోలేకున్నాను. చేతికి చెక్కలు ఇస్తే వాటిని తీసుకుపోయి తక్కెడలో పెట్టాడు. ఒకవైపు చెక్కలు పెట్టి, రెండోవైపు రాళ్లు వేసి, ముల్లు నిలిచేదాకా సర్దుతూనే ఉన్నాడు. నీవు కెమెరా సంచీలో పెట్టేశావు. మంచి పని చేశావు నాయనా, అది తీసేది కాదు.

నీవు పోయిన మర్నాడు ఏం జరిగిందో చెప్పాలి. పొద్దున అంగడి తెరిచి, పాత టేప్ రికార్డర్‌లో భజన క్యాసెట్టు పెట్టాను. నేను లోపల కందిపప్పు చెరుగుతున్నాను. బయట అడుగుల చప్పుడు వినపడి వచ్చి చూస్తే, పిండి అంటిన చేతులతో ఆయన ఒక్కడే అంగడి ముందు ఆ చివరి పాటకు అడుగు వేస్తున్నాడు. చరణం ముగిసేచోట కుడికి తిరిగాడు. చక్కగా, ముప్పై ఏళ్ల కిందట వేసినట్టు తిరిగి ముందుకు పోయాడు. చేతిలో చెక్కలు లేకపోయినా చేతులు తాళం తప్పలేదు. పద్మప్రియను పిలిచేలోపు పాట అయిపోయింది. ఆయన లోపలికి వచ్చి, ఆకలైతాండాది, ఏమన్నా పెట్టే అన్నాడు. ఆ తర్వాత ఆ క్యాసెట్టు అరిగేదాకా వేశాను. ఆయన మళ్లీ కదలలేదు.

ఇక నీ జాబు సంగతి. నీవు పెట్టిన పాట తీసేశావు, అందుకు దీవిస్తున్నాను. కానీ అప్పటికే దాన్ని ఎవరెవరో దింపుకుని వాళ్ల పేర్లతో మళ్లీ ఎక్కించారని రాశావు. కువైట్ వాళ్లు ఆ మలుపు తామే వేసి కొత్త వీడియో పెట్టారని పద్మప్రియ కూడా చూపించింది. మంచాలు గోడకు నిలబెట్టిన ఆ ఇరుకు గదిలో అందరూ ఎడమకు తిరిగి, వెనక్కి వేసి, చెక్కలెత్తి ఊపిరి బిగబట్టారు. అందులో ఒకడి కళ్లు మూతలు పడి ఉన్నాయి. ఎంత శ్రద్ధగా వేశారో చూస్తే తిట్టడానికి నోరు రాలేదు.

ఓబన్నను నేనే మార్కెట్‌కు పోయి అడిగాను. గంపల మధ్య నిలబెట్టి, నిజం చెప్పు, ఆయన తప్పాడా లేదా అన్నాను. ఆయప్ప తిరిగినాడు, నేను తిరిగినా, ఇంగ తప్పు యాడుండాది అమ్మా అన్నాడు. నెట్‌లో పిల్లలు తప్పు నేర్చుకుంటున్నారప్పా అంటే, నేను ఆయప్పకు ఉద్దిని, సచ్చేదాంక నా నోట ఆ మాట రాదు అన్నాడు. అని తలగుడ్డ మీద గంప పెట్టుకుని పోయాడు. నాకు కోపం వచ్చింది. అయితే ఆ మనిషిని అలా తయారు చేసింది మా ఇంట్లో మనిషే, ఎవరిని అనేది?

ఉన్న మాట గుంపులో చెప్పేద్దామా అమ్మా, గురువుకు జబ్బు అని రాద్దామా అని అడిగావు. నేనూ దాని గురించే ఆలోచిస్తున్నాను. ఆయనకు అప్పటికే మతి సరిగా లేదని తెలిస్తే వాళ్లు ఆ ఒక్క మలుపునే వదిలేస్తారా? నీవు ఉగాదికి తీసిన మిగతా అడుగులన్నీ అనుమానిస్తారు. అవి నిఖార్సైనవి. ఆ వీడియో తప్ప వాటికి ఇంకో దిక్కు లేదు. ఒక తప్పు తీయబోయి అన్నిటి మీదా బురద చల్లినట్టవుతుంది. చెప్పకపోతే ఆ తప్పు ఊరూరికీ పాకుతుంది. కక్కలేక మింగలేక కూర్చున్నాను. నీకేమైనా దారి తోస్తే రాయి.

ఆశీస్సులతో,
రాజ్యలక్ష్మమ్మ


పత్తికొండ,
10 ఫిబ్రవరి 2008.

చిరంజీవి భూపేష్‌కు,

కుశలం అడగడానికి కూడా ఓపిక లేని రోజు ఇది, ఏమనుకోకు. నీకు పెళ్లి చూపులు అయ్యాయని మీ ఊరివాళ్లు అంగడికి వచ్చి చెప్పారు, పిల్ల చక్కగా ఉందట. ఆ మాటకు మాత్రం నవ్వాను.

నిన్ను అడగకుండా నేనొక పని చేశాను. నీవు దారి చూపలేదు, నేను ఊరికే ఉండలేకపోయాను. పద్మప్రియ చేత గుంపులో రాయించాను. నేను వీరభద్రయ్య భార్యను, ఆ మలుపు అడుగు కాదు, పొరపాటున జరిగింది, కుడికి తిరగాలి, దయచేసి సరిచేసుకోండి అని. జబ్బు మాట ఎత్తలేదు. రాయించి, ఇక నిశ్చింత అనుకుని ఇంటికి పోయి కడుపునిండా అన్నం తిన్నాను.

వారం తిరిగేసరికి జవాబులు వచ్చాయి. ఒక్కరూ అమర్యాదగా రాయలేదు, అదే నా ఖర్మ. అమ్మా మీకు పాదాభివందనం అని మొదలుపెట్టి, ఒకరిద్దరు తప్పారంటే నమ్ముతాము, వలయమంతా ఒక్కసారి ఎట్లా తప్పుతుంది అని అడిగారు. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఒకటే, ఆయనకు మతి తప్పితే అందరూ కలుపుకున్నారని. అది చెప్పకూడనిది. బళ్లారి ఆయనైతే పెద్ద వ్యాసమే రాశాడు. గొప్ప గురువులు అరుదైన అడుగును అందరికీ ఇవ్వరు, పొరపాటున బయటపడితే ఇంటివాళ్ల చేత కాదనిపిస్తారు, కాబట్టి అమ్మగారు కాదన్నారంటే అది తప్పకుండా అసలైన అడుగే అని తేల్చాడు. దాని కింద మెచ్చుకోళ్లు. నేను నోరు తెరవకుండా ఉంటే కొందరైనా అనుమానించేవాళ్లేమో. ఇప్పుడు నా మాటే దానికి సాక్ష్యమైంది.

ఇంతలో నీ పిలుపు. శ్రీరామనవమి ఉత్సవాల్లో ఒంటిమిట్ట కోదండరాముని గుడి దగ్గర గుంపు వాళ్లందరూ మొదటిసారి కలుసుకుంటారని, ఇరవైకి పైగా ఊళ్ల జట్లు వస్తున్నాయని, కువైట్ నుంచి కూడా సెలవు పెట్టుకుని వస్తున్నారని రాశావు. మంగంపేట అతను వాళ్ల ఊళ్లో మళ్లీ జట్టు కట్టి తీసుకొస్తున్నాడట. అందరూ కలిసి గురువు ముందు ఆ మలుపు వేస్తారట. నీవు వద్దన్నావని, ఎవరూ వినలేదని రాశావు. నిన్ను నమ్ముతున్నాను. నీవు పెట్టిన గుంపే అయినా ఇప్పుడు నీ మాట వినే స్థితిలో లేదు. పిల్లను కన్నంత మాత్రాన దాని నడక మన చేతిలో ఉంటుందా?

రానని చెబుదామని కాగితం తీసుకున్నాను. ఆయనకు ఇప్పుడు నా పేరు కూడా ఒక రోజు గుర్తుంటే ఒక రోజు ఉండదు. దారి పొడవునా ఎలా పట్టుకునేది? వేదిక మీద అందరి ముందూ ఏదైనా అనరాని మాట అంటే? ఇన్నాళ్లూ దాచిందంతా ఒక్క నిమిషంలో బయటపడుతుంది. పోకపోతే మాత్రం, అంతమంది ఆయన కోసం వచ్చి ఖాళీ కుర్చీకి దండేసి పోతారు. బతికున్న మనిషి కుర్చీకి దండ వేయడం నేను చూడలేను.

ఓబన్నను అడిగితే, పోదాం అమ్మా, నేను పక్కనే ఉంటా, ఆయప్ప ఏమన్నా నేను కలుపుకుంటా అన్నాడు. కలుపుకుని కలుపుకునే కదా ఇక్కడిదాకా వచ్చింది అని కసిరాను. తల వంచుకుని విన్నాడు, మర్నాడు పొద్దున్నే జీపు మాట్లాడి వచ్చాడు. కాబట్టి వస్తున్నాం. ఆయన పక్కనే నాకూ కుర్చీ వేయించు. మైకు మాత్రం ఆయన చేతికి ఇవ్వొద్దు.

ఆశీస్సులతో,
రాజ్యలక్ష్మమ్మ


పత్తికొండ,
21 ఏప్రిల్ 2008.

చిరంజీవి భూపేష్‌కు,

రాముని దయవల్ల ఇల్లు చేరాం. తాడిపత్రి దాటాక జీపు చక్రం పంక్చరైంది తప్ప వేరే ఇబ్బంది కలగలేదు. ఆయన దారి పొడవునా నిద్రపోయాడు. నీవు కట్టించిచ్చిన పులిహోర ఓబన్న ఒక్కడే ముగించాడు.

అంత పని నీవు ఒక్కడివే నెత్తిన వేసుకుని చేయడం చూశాను. వచ్చినవాళ్లకు బస, నీళ్లు, పందిరి, ఒక్కదానికీ లోటు రానివ్వలేదు. ఒకరినొకరు ఎన్నడూ చూడనివాళ్లు పేర్లు చెప్పగానే కావలించుకున్నారు. నీవేనా ఆ ఫోటో పెట్టింది, నీవేనా ఆ పాట అడిగింది అని పలకరించుకుంటుంటే, పెళ్లివాళ్లలా ఉన్నారు. కువైట్ నుంచి వచ్చిన అతను ఆయన కాళ్లు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. ఆయన అతని తల నిమిరి, ఎండన పడి వచ్చినట్టుండావు, మజ్జిగ తాగుపో అన్నాడు. మాట ఎంత సమయానికి వచ్చిందంటే, దేవుడా ఈ ఒక్క రోజుకు ఇది చాలు అనుకున్నాను.

నీవు కింద కెమెరా దగ్గర ఉన్నావు, వేదిక మీద సంగతి నీకు సగమే కనబడి ఉంటుంది. అడిగావు కాబట్టి చెబుతాను.

భజన మొదలైనప్పటి నుంచి ఆయన కదలకుండా చూశాడు. ఇన్ని వలయాలు, ఇన్ని గజ్జెలు, అంతా ఒక్క తాళం మీద నడవడం నేను కూడా ఎన్నడూ చూడలేదు. ఆడపిల్లల జట్టు ఒకటి వచ్చింది కదా, నా వయసులో నన్ను ఆ వలయం దగ్గరికి కూడా రానిచ్చేవాళ్లు కాదు. ఆ పిల్లలను చూసి ఆయన నవ్వాడు. ఆయన అరచెయ్యి మోకాలి మీద తాళం వేస్తోంది. ఓబన్న వేదిక మెట్ల మీద కూర్చుని మా ఇద్దరినీ కాపలా కాస్తున్నాడు.

చివరి పాట వచ్చింది. చరణం ముగిసింది. అన్ని వలయాలూ ఒక్కసారిగా ఎడమకు తిరిగాయి, వెనక్కి వేశాయి, చెక్కలు ఎత్తాయి. ఆ పందిరి కింద ఒక్క చప్పుడు లేదు. చూడవచ్చిన జనం కూడా నోళ్లు మూసుకున్నారు. నాకు మాత్రం మా ఆయన ఆ రోజు మందిరంలో దారి తప్పిన క్షణమే కనిపించింది. ఆయన ఒక్కడు తప్పిపోయిన చోటికి ఇంతమంది వెతుక్కుంటూ వచ్చి, వాళ్లూ అక్కడే తప్పిపోయి నిలబడ్డట్టు అనిపించింది. ఒకడు తప్పితే తప్పు, ఇద్దరు తప్పితే అడుగు అన్న మనిషి, వందలమంది తప్పితే ఏమనాలో చెప్పలేదు. నాకు లేచి అరవాలని ఉండింది. ఏమని అరిచేది?

ఆ నిశ్శబ్దంలో ఒక్క చప్పుడు వినపడింది నాకు. ఆయన అరచెయ్యి. మోకాలి మీద తాళం ఆగలేదు. వాళ్లంతా ఆగిన చోట ఆయన చెయ్యి కుడికి తిరిగే తాళం వేసుకుంటూ ముందుకు పోయింది.

పాట ముగిశాక ఆయన లేచి నిలబడ్డాడు. నేను పంచె పట్టుకుని లాగాను, కూర్చోలేదు. మైకు లేకపోయినా ఆ గొంతు ఎంత దూరం పోతుందో నీకు తెలుసు. ఎవురప్పా మీ గురువు అని అడిగాడు. కోపంగానే అడిగాడు. వాళ్లు దాన్ని గురువు ముచ్చట అనుకున్నారు. అందరూ చెక్కలు పైకెత్తి, పత్తికొండ వీరభద్రయ్య గురువు అని ఒక్క గొంతుతో చెప్పారు. ఆయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ గుంపులో ఎవరి కోసమో వెతికాడు. ఆయప్పను ఇట్ల పిలవండి, మాట్లాడల్ల అన్నాడు. దానికి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఓబన్న మెట్ల మీద నుంచి లేచి వచ్చాడు, వచ్చి ఏం చేయాలో తెలియక ఆయన పక్కన ఊరికే నిలబడ్డాడు. కలుపుకోవడానికి అక్కడ అడుగేమీ లేదు.

అప్పుడు ఆయన వంగి నా చెవిలో ఏదో చెప్పాడు. నీవు కెమెరా వదిలి పైకి వచ్చి మైకు నా చేతికి ఇచ్చావు. గురువు అందరినీ మనసారా దీవించారు, మీ అడుగు చూసి సంతోషించారు అని చెప్పాను. ఆ చప్పట్లు నీవు విన్నావు.

ఇప్పుడు గుంపులో పద్మప్రియ చూపించింది, ఎవురప్పా మీ గురువు అన్న ఆయన మాటను పెద్ద అక్షరాల్లో పైన పెట్టారు. ఇక ప్రతి ఏటా నవమికి కలుస్తారట, ఆ మలుపుతోనే ముగిస్తారట. మంచిది. అంతమంది పిల్లలు మళ్లీ చెక్కలు పట్టుకున్నారు, అది నీ చలవ. నేను ఇక గుంపులో ఏమీ రాయించను. నీవు కూడా వాళ్లతో తగవు పెట్టుకోకు, నీ పెళ్లి పనులు చూసుకో. శుభలేఖ మీద మీ గురువు పేరు వేయించడం మరువకు.

ఆశీస్సులతో,
రాజ్యలక్ష్మమ్మ

తా.క.: ఆయన చెవిలో ఏం చెప్పాడని నీవు పదే పదే అడిగావు. నీకు అబద్ధం చెప్పలేను. ఆయన దీవించలేదు నాయనా. పాపం, శానా దూరం నుంచి వచ్చినట్టుండారే ఈ పిల్లోళ్లు, ఎవడో వీళ్లకు తప్పు నేర్పినాడు అన్నాడు. ఆ అడుగు నాకు వస్తాది, నన్నెవురూ అడగలే అన్నాడు.